క్షయ నయమైనా మిగిలే నీడలు

సంపాదకులకు,

క్షయ మందులను ఆరు నెలలు క్రమం తప్పకుండా వాడి, కళ్లె పరీక్షలో క్రిములు లేవని తేలిన తరువాత కూడా ఛాతీ ఎక్స్‌రేలో నీడలు కనిపించడం చాలామందిని కలవరపెడుతుంది. మందులు క్రిములను చంపుతాయే తప్ప, అవి అప్పటికే దెబ్బతీసిన ఊపిరితిత్తిని మునుపటి స్థితికి తీసుకురాలేవు. పుండు మానిన చోట మచ్చ మిగిలినట్లే అక్కడ నారలాంటి గట్టి కణజాలం, సున్నపు మచ్చలు ఏర్పడతాయి; కొందరిలో శ్వాసనాళాలు శాశ్వతంగా వెడల్పవుతాయి, ఊపిరితిత్తిలో క్షయ తొలిచిన గుల్లలు అలాగే ఉండిపోతాయి.

ఈ నీడలను మాత్రమే చూసి వ్యాధి తిరగబెట్టిందని మళ్లీ మందులు మొదలుపెట్టడం, ఉద్యోగానికి పనికిరారని తిప్పి పంపడం అన్యాయం. లక్షణాలు, కళ్లె కల్చర్ (కళ్లెలోని క్రిములను ప్రయోగశాలలో పెంచి చూసే పరీక్ష), పాత ఫిల్ములతో పోలిక, వీటన్నిటినీ కలిపి చూసి తేల్చవలసిన విషయమిది. కళ్లెలో క్రిముల జన్యుపదార్థాన్ని వెతికే జన్యు పరీక్ష సైతం చనిపోయిన క్రిముల అవశేషాల వల్ల కొంతకాలం పాజిటివ్‌గా రావచ్చు.

అలాగని మచ్చలను పట్టించుకోనక్కరలేదని నా ఉద్దేశం కాదు. మిగిలిన గుల్లల్లో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పెరిగి దగ్గితే రక్తం పడవచ్చు, అది ఒక్కోసారి ప్రాణాపాయం కూడా. ఆయాసం ఏళ్ల తరబడి వేధించవచ్చు. అందువల్ల చికిత్స ముగిసేటప్పుడు ప్రతి ఒక్కరికీ ఎక్స్‌రే తీసి, స్పైరోమెట్రీతో ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని కొలిచి, ఆ ఫలితాలను రోగి చేతికే ఇవ్వాలని, పొగతాగడం మాన్పించి, అవసరమైనవారికి శ్వాస వ్యాయామాలు నేర్పాలని వైద్యులను, ఆరోగ్యాధికారులను కోరుతున్నాను.

ఒక పాఠకురాలు