పచ్చబొట్టు సూదికీ నిబంధన కావాలి

సంపాదకుడి గారికి నమస్కారం.

మా కళాశాలలో ఏటా రక్తదాన శిబిరం పెడతాం. ఈసారి వరుసలో నిలబడ్డ పిల్లల్లో ఏడుగురిని డాక్టరు గారు రక్తం తీసుకోకుండానే వెనక్కి పంపారు. రక్తహీనత కాదు, జ్వరం కాదు, కారణం పచ్చబొట్టు. జాతీయ రక్త మార్పిడి మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం పచ్చబొట్టు పొడిపించుకున్నవారి దగ్గర 12 నెలల పాటు రక్తం తీసుకోకూడదు. ఎక్కడ వేయించుకున్నారని అడిగాను. ఇద్దరు పట్నంలో అన్నారు. మిగిలిన ఐదుగురూ జాతరలో అన్నారు.

తరువాత ఒక జాతరకు వెళ్లినప్పుడు అలాంటి కొట్టు ముందు అరగంట నిలబడి చూశాను. బ్యాటరీకి తీగతో కలిపిన చిన్న మిషను, అట్టమీద అంటించిన శివుడు, తేలు, గులాబీ బొమ్మలు, సీసా మూతలో పోసిన నల్ల సిరా. ఒక కుర్రాడు ముంజేతి మీద ‘అమ్మ’ అని రాయించుకుంటున్నాడు. పొడిచే మనిషి మధ్యమధ్యలో ఒక పాత గుడ్డతో రక్తాన్నీ సిరానూ కలిపి తుడుస్తున్నాడు. పని పూర్తయ్యాక సూదిని అదే గుడ్డకు ఒత్తి, అదే మూతలో ముంచి, తరువాత కూర్చున్న అమ్మాయి మణికట్టు పట్టుకున్నాడు. ‘సూది మార్చు బాబూ’ అన్నాను. ‘శుభ్రం చేశాను కదమ్మా’ అన్నాడు. అబద్ధమాడాడని నేను అనుకోను. తుడిస్తే శుభ్రమైనట్టే అని అతను నిజంగానే నమ్ముతున్నాడు. నాకు భయం వేసింది ఆ నమ్మకం చూసే.

రక్తం ద్వారా సోకే హెపటైటిస్‌-బి వైరస్ ఒంటి బయట, ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. హెపటైటిస్‌-సికి ఇప్పటికీ టీకా లేదు. ఏళ్ల తరబడి ఏ లక్షణమూ కనిపించకుండానే అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. సూది ఒక్కటి మార్చినా సరిపోదు, ముందు మనిషి రక్తం ఆ మూతలోని సిరాలో కలిసి ఉంటుంది.

ఆసుపత్రిలో వాడిన సూదిని ఎలాంటి డబ్బాలో వేయాలో 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. పచ్చబొట్టు పనికి మాత్రం మన దేశంలో ప్రత్యేక చట్టమే లేదు. బ్రిటన్‌లో 18 ఏళ్లు నిండనివారికి పచ్చబొట్టు వేయడం 1969 నుంచే నేరం. ఐరోపా సమాఖ్య 2022 జనవరి నుంచి ఈ సిరాల్లో వాడే వేల రసాయనాలపై ఆంక్షలు పెట్టింది. నేను చూసిన సీసా మీద చీటీ కూడా లేదు.

వయసు సంగతి మన పల్లెలకు మరీ ముఖ్యం. ఇక్కడి పిల్లలు ఎందరో తెల్లవారుజామునే లేచి సైన్యంలో ఉద్యోగం కోసం పరుగు సాధన చేస్తారు. పచ్చబొట్టు ముంజేతి లోపలివైపో అరచేతి వెనుకో తప్ప మరోచోట ఉంటే సైన్యం తీసుకోదు. ఆచారంగా పొడిపించుకునే గిరిజనులకే మినహాయింపు. పదో తరగతిలో సరదాపడి మెడమీద వేయించుకున్న పిల్లవాడికి ఈ మాట చెప్పేవారెవరు?

పచ్చబొట్లను నిషేధించమని నేను అడగడం లేదు. మా అమ్మమ్మ చేతిమీద తులసికోట, దాని చుట్టూ చుక్కలు ఉండేవి. వయసు మళ్లి చర్మం ముడతలు పడ్డా ఆ పచ్చదనం పోలేదు. దేవరకొండ వైపు తండాల్లో పెద్దవాళ్ల చేతులు చూస్తే ఇది ఎంత పాత విద్యో తెలుస్తుంది. దీన్నే నమ్ముకుని ఊరూరా తిరిగేవాళ్లను పోలీసులతో తరిమిస్తే వాళ్లు చాటుగా పొడుస్తారు, అంతే. ఒకప్పుడు మంగలి దుకాణాల్లో ఒకే కత్తితో అందరికీ గడ్డం గీసేవారు. ఎయిడ్స్ మీద ప్రచారం జరిగాక మనమే ‘కొత్త బ్లేడు వేయండి’ అని అడగడం నేర్చుకున్నాం. ఆ వృత్తేమీ దెబ్బతినలేదు.

పట్టణాల్లోని టాటూ దుకాణాలకు పురపాలక సంఘం అనుమతి ఇచ్చేముందు శిక్షణ పత్రం, పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే యంత్రం ఉన్నాయో లేదో చూడాలి. చెవులు, ముక్కులు కుట్టే దుకాణాలకూ ఇదే వర్తించాలి. ఎవరికైనా సరే సూది పొట్లం వారి కళ్లముందే విప్పాలి, సిరా ఎవరికి వారికి విడిగా పోయాలి. 18 ఏళ్లు నిండనివారికి పొడవకూడదు.

జాతరల్లో ఇది ఇంకా తేలిక. నేను చూసిన కొట్టు గుడారపు కర్రకు స్థలం రుసుము కట్టిన రసీదు గుచ్చి ఉంది. అంటే ఆ కొట్టు అక్కడ ఉందని అధికారులకు తెలుసు. రుసుము తీసుకునేటప్పుడే వైద్య సిబ్బంది ఒకరు పక్కన కూర్చుని, పొడిచేవారికి గంటసేపు నేర్పించి, సీలు విప్పని సూదులు, చేతి తొడుగులు ఇచ్చి పంపవచ్చు. కార్తీకంలో కురుమూర్తి, మాఘంలో చెర్వుగట్టు జాతరలు వస్తాయి. మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల కలెక్టర్లు, వైద్యాధికారులు ఈ రెండు చోట్ల మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక అధ్యాపకురాలు,
నల్లగొండ