నలభై కిలోల ఇనుము గురించి మంత్రి గారికి

తెలంగాణ గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇందిరమ్మ ఇళ్ల గోడల చుట్టూ భూకంపానికి తట్టుకునే కాంక్రీటు పట్టీ వేయించేలా చూడమని అడగడానికే ఈ ఉత్తరం. 2024 డిసెంబర్ 4 పొద్దున ఏడున్నరకి ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలినప్పుడు ఖమ్మం జిల్లాలో మా వంటింటి అరలో గిన్నెలు గలగలమన్నాయి. అంతే. వారంలో అందరం మరిచిపోయాం. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర వచ్చింది 5.7. ఇందిరమ్మ ఇళ్లకు 2024 మార్చిలో శ్రీకారం చుట్టిందీ ఆ భద్రాచలంలోనే.

నేను రిటైరైన సైట్ ఇంజనీర్‌ని. ఈమధ్య పక్క ఊళ్లో గోడల దాకా లేచిన ఇందిరమ్మ ఇల్లొకటి చూశాను. పిల్లర్లు లేవు. 9 అంగుళాల ఇటుక గోడల మీదే స్లాబు పడుతుంది. ఇటుకలు తడిపి కట్టారు, గుండు పట్టి చూసుకున్నారు, పనికి వంక పెట్టలేం. కానీ లింటెల్ (తలుపులు, కిటికీల పైన వేసే కాంక్రీటు దూలం) మాత్రం తలుపు మీద ఒక ముక్క, కిటికీ మీద ఒక ముక్క. ‘‘చుట్టూ ఎందుకు తిప్పలేదు మేస్త్రీ?’’ అంటే, ‘‘ఒక్క స్లాబే గదా సార్, గోడ సరిపోద్ది’’ అన్నాడు.

బరువు మోయడానికి సరిపోతుంది, నిజమే. పక్కకు ఊపితేనే చిక్కు. ఇటుక గోడ పొడవు దిక్కున ఎంత గట్టిదో, అడ్డంగా తోస్తే అంత బలహీనం. మూల దగ్గర రెండు గోడలూ విడిపోయాయంటే ఇక దేనిదారి దానిదే. లింటెల్ ఎత్తులో ఇల్లంతా ఒకే కాంక్రీటు పట్టీ తిరిగితే, బండి చక్రానికి ఇనుప పట్టా బిగించినట్టు గోడలన్నీ కలిసి నిలబడతాయి. భూకంపానికి తట్టుకునే కట్టడాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 4326 చెప్పేది ఇదే. 1993లో మహారాష్ట్రలోని కిల్లారి భూకంపంలో వేలమందిని పొట్టన పెట్టుకున్నవి పట్టీ లేని మందపాటి రాతి గోడలే. ఆ ప్రాంతం అప్పటి మ్యాపులో భూకంప ప్రమాదం అతి తక్కువని రాసుకున్న జోన్‌లో ఉంది!

పిల్లర్లు ఉంటేనే గట్టి ఇల్లని మనవాళ్ల నమ్మకం. నాలుగు సన్నటి ఊచలు పెట్టి లేపిన పిల్లర్ల కంటే పట్టీ కట్టిన గోడల ఇల్లే నయమని నేనంటాను.

ఖర్చు లెక్కేశాను. 400 చదరపు అడుగుల ఇంటికి లోపలి గోడతో కలిపి 110 అడుగుల పట్టీ. మూడంగుళాల మందం, రెండు 8 ఎంఎం కడ్డీలు, వాటిని కలిపి పట్టడానికి ఆరంగుళాలకో 6 ఎంఎం లింకు. మొత్తం నలభై కిలోల ఇనుము, ఐదు బస్తాల సిమెంటు. ఇంటికి ప్రభుత్వం ఇచ్చే 5 లక్షల్లో ఇదెంత? నల్లరేగడి నేలల్లో పునాది మీద కూడా ఇలాంటిదొకటి వేస్తే, కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకే పగుళ్లకి ఏటేటా పుట్టీ పూసే బాధ కొంత తగ్గుతుంది. అక్కడ పునాది లోతు విషయం వేరే ఉందనుకోండి.

ఎలాగూ ప్రతి దశలో ఫొటో యాప్‌లోకి ఎక్కాకే బిల్లు వస్తోంది. గోడల బిల్లుకి ఇంకొక్క ఫొటో అడగండి: కాంక్రీటు పోయకముందు, మూల మలుపులో వంచి కట్టిన కడ్డీలు కనపడేలా. కాంక్రీటు పడ్డాక తీసిన ఫొటోలో లోపల ఇనుముందో లేదో ఏ ఇంజనీరుకీ తెలియదు.

ఇట్లు,
ఓ రిటైర్డ్ సైట్ ఇంజనీర్,
ఖమ్మం జిల్లా