సాక్ష్యం చెప్పడానికి ఏమీ లేని తల్లులు కూడా ఉన్నారు

ఎడిటర్ గారికి నమస్కారం.

మదర్స్ డే నాడు మీ పేపర్లో అమ్మల మీద వేసిన కథనాలన్నీ చదివాను. బాగున్నాయి, కాదనను. కానీ ప్రతి కథలోనూ చివరికి పిల్లలు గెలిచారు. కూలికెళ్లి చదివించిన అమ్మ కొడుకు ఇంజనీరయ్యాడు, ఇడ్లీలమ్మిన అమ్మ కూతురు ఎస్సై అయింది. పిల్లలు గెలిస్తేనే అమ్మ ఓర్పుకు పేపర్లో చోటు దొరుకుతుందన్నమాట. మిమ్మల్ని ఒక్కరినే అనడం లేదు లెండి, మా చర్చిల్లో ఇది ఇంకా ఎక్కువ. మే నెల రెండో ఆదివారం "ప్రార్థించే తల్లులు" అని ముందుకు పిలిచి పూలిచ్చి, మైకిచ్చి సాక్ష్యం చెప్పమంటారు. నా కొడుక్కి వీసా వచ్చింది, నా కూతురికి సీటొచ్చింది, దేవునికి స్తోత్రం. అసలీ మదర్స్ డే మొదలైందే చర్చిలో. 1908లో అమెరికాలో గ్రాఫ్టన్ అనే ఊళ్లో, చనిపోయిన తన తల్లి జ్ఞాపకంగా అన్నా జార్విస్ అనే ఆవిడ మెథడిస్టు చర్చిలో ఆరాధన పెట్టించింది. తర్వాత పూలకొట్ల వాళ్లూ కార్డుల వాళ్లూ దాన్ని వ్యాపారం చేసేశారని ఆవిడే వాళ్లమీద పోట్లాడింది. మా చర్చిలో చేసేది చూస్తే ఇంకేమనేదో.

నేను చిత్తూరులో కోర్టు దగ్గర టైపింగ్ పని చేసుకుంటున్నాను. మాది తాతల కాలం నుంచి క్రైస్తవ కుటుంబం. మా పాపకు ఫిట్స్. ఆరో తరగతి చదువుతోంది. పొద్దున ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ మాత్రలు పడాలి, లేటైతే కుదరదు. వాటిలో సగం విరిచి వేయాల్సింది ఒకటుంది. గీత మీద గోటితో నొక్కితే ఒక్కోసారి చక్కగా రెండు ముక్కలవుతుంది, ఒక్కోసారి పొడిపొడై అరచేతిలో మిగులుతుంది, ఆ పొడిలో సగమెంతో ఎవరికి తెలుసు, పారేసి ఇంకోటి విరవాల్సిందే. పైగా చచ్చేంత చేదు. చిన్నప్పుడు తేనెలో రంగరించి పెట్టేదాన్ని, ఇప్పుడు తనే మింగేసి, ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకొని, క్యాలెండర్‌లో టిక్కు పెడుతుంది. నేను రావడం ఆలస్యమైతే పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి మా ఆయన్ని కేకేస్తుంది, "ఏమప్పా, బిడ్డకి మాత్ర ఏసినావా లేదా?" అని. ఆవిడ శనివారాలు ఒక్కపొద్దుంటుంది, మా పాప పేరు మీద కొండకు మొక్కుకుంది కూడా. నేను వద్దనలేదు, ప్రేమతో మొక్కుకున్న మనిషిని ఏమని వద్దంటాం?

మూర్ఛ జబ్బున్నవాళ్లు ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మంది ఉన్నారనీ, సరైన వైద్యం అందితే వాళ్లలో 70 శాతం మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అది చదివి ధైర్యం తెచ్చుకునే తల్లులు చాలామంది ఉంటారు, తెచ్చుకోవాలి కూడా. మా పాప మాత్రం మిగతా 30 శాతంలో ఉన్నట్టుంది. మాత్రలు వేస్తున్నా అప్పుడప్పుడూ వస్తూనే ఉన్నాయి. కళ్లు ఒక పక్కకు లాగేస్తాయి, పెదాలు చప్పరిస్తున్నట్టు కదులుతాయి, కుడిచెయ్యి కొట్టుకోవడం మొదలవుతుంది. తర్వాత గంటసేపు మొద్దునిద్ర. లేచాక "మళ్లీ వచ్చిందా అమ్మా?" అని అడుగుతుంది. అందుకే నాకు మైకులో చెప్పుకోడానికి సాక్ష్యం లేదు.

సాక్ష్యం లేకపోతే పోనీ, నింద వేయకుండా ఉంటే చాలనుకుంటాను. కానీ వేస్తారు. మెల్లగా, ప్రేమగానే వేస్తారు. "ఉపవాసముండి చూడమ్మా", "ఇంట్లో ఏదన్నా ఒప్పుకోని పాపం ఉందేమో", "తల్లి విశ్వాసం గట్టిగా ఉంటే బిడ్డకు ఇట్లా ఎందుకొస్తుంది". తండ్రి విశ్వాసం గురించి మాత్రం ఎవరూ అడగరు, అది గమనించండి. మా వదిన బలవంతం మీద తిరుపతిలో ఒక స్వస్థత కూటానికి వెళ్లాం. పాప తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు, తైలం రాశారు, అంతవరకు బాగానే ఉంది. తర్వాత ఆ వచ్చిన ప్రసంగీకుడు నా భుజానికున్న సంచి చూసి, అందులో మాత్రలున్నాయని తెలుసుకొని, "మాత్రలు మోసుకొని వచ్చావంటే దేవుణ్ణి నమ్మనట్టే కదమ్మా, ఇక్కడ వదిలేసి వెళ్లు" అన్నాడు, మైకులో, అందరి ముందు. నేను సంచి ఇవ్వలేదు. పాప చెయ్యి పట్టుకొని దిగి వచ్చేశాను. మా వదిన ఆ తర్వాత చాలారోజులు నాతో మాట్లాడలేదు. నా వెనక నిలబడిన ఇంకో తల్లి మాత్రం తన బిడ్డ మాత్రలు తీసి అక్కడ పెట్టేసింది. ఆమెది ఏ ఊరో కూడా నాకు తెలీదు.

ఫిట్స్ మాత్రలు ఉన్నట్టుండి ఆపేస్తే ఏమవుతుందో ఆ మైకు పట్టుకున్నాయనకు తెలిసి ఉండదు. మూర్ఛ ఆగకుండా ఒకదాని వెంట ఒకటి వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మాత్రలు ఆపాలంటే మామూలుగా కనీసం రెండేళ్లు ఫిట్స్ రాకుండా గడవాలి, అప్పుడు కూడా డాక్టరే చూసి నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వస్తారు. స్వస్థత నిజమే అయితే డాక్టర్ పరీక్షలో కూడా నిజమే అవుతుంది కదా, తొందరేముంది?

ఇలాంటి కూటాల్లో ఎప్పుడూ బైబిల్లో మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయమే చదువుతారు, ఫిట్స్ వచ్చే అబ్బాయిని తండ్రి యేసు దగ్గరికి తీసుకొచ్చిన కథ. "నమ్మువానికి సమస్తమును సాధ్యమే" అన్న 23వ వచనం గట్టిగా చదివి ఆపేస్తారు. తర్వాతి వచనంలో ఆ తండ్రి ఏమన్నాడు? "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని అరిచాడు. సగం నమ్మకం, సగం భయం. ఆ సగం నమ్మకంతోనే పిల్లాడు బాగయ్యాడు. అంతకు ముందు యేసు ఆ తండ్రిని ఏమడిగాడో కూడా చూడండి, ఇది వీనికి ఎంతకాలం నుంచి ఉంది అని. రాయవేలూరు (వేలూరు) సీఎంసీ ఆస్పత్రిలో డాక్టరమ్మ నన్ను మొట్టమొదట అడిగిందీ అదే. నీ పాపమేంటి అని ఆయనా అడగలేదు, ఈమె కూడా అడగలేదు. తైలం రాయొద్దని నేను అనడం లేదు, బైబిల్లో యాకోబు రాసిన ఉత్తరంలో ఉన్నదే, మా చర్చి పాస్టరు అయ్యగారు కూడా తైలం రాస్తారు. తైలం రాసినాక మందులు మానేయమని యాకోబు రాయలేదు. కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని తన శిష్యుడు తిమోతికి రాసింది అపొస్తలుడైన పౌలే, ఆయన వెంట తిరిగిన లూకా వైద్యుడే.

రాయవేలూరు అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. చిత్తూరు నుంచి తెల్లవారి బస్సెక్కితే ఓపీ టైముకు ఆ ఆస్పత్రిలో ఉంటాం, మా జిల్లాలో ఆ బస్సెక్కని ఇల్లు తక్కువ. దాన్ని మొదలుపెట్టిన ఐడా స్కడర్ మిషనరీల ఇంట పుట్టిన పిల్ల, అయినా మొదట్లో ఈ దేశంలో ఉండాలనే అనుకోలేదు. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యల కోసం ఆమెను రమ్మన్నారు. నాకు వైద్యం రాదు, మా నాన్న డాక్టరు, ఆయన్ని పంపుతానంటే మగ డాక్టరు వద్దని వెళ్లిపోయారు. ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆమె ఆ రాత్రి ప్రార్థన చేసుకొనే ఉంటుంది, కానీ ప్రార్థనతో ఆపలేదు, అమెరికా వెళ్లి 1899లో డాక్టరు పట్టా తీసుకొని, 1900లో వేలూరుకు వచ్చింది, 1918లో ఆడవాళ్లకు మెడికల్ స్కూలు తెరిచింది. అటు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం చూడండి, క్షయకు సరైన మందే లేని రోజుల్లో, 1915లో, మిషన్ల వాళ్లంతా కలిసి శానిటోరియం పెట్టారు. మా తాతలు విశ్వాసంలోకి వచ్చింది ఇలాంటివాళ్లను చూసి. వాళ్ల మనవలం ఇప్పుడు మాత్రల సంచి చూసి విశ్వాసం లేదంటున్నాం!

మా చర్చిలో బైబిల్లోని హన్నా అనే తల్లి మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో. ఏడ్చింది, మొక్కుకుంది, కొడుకు పుట్టాడు, దేవుని మందిరంలో సేవకిచ్చేసింది, ఆమెన్. సమూయేలు మొదటి గ్రంథం రెండో అధ్యాయంలో ఉన్న చిన్న మాట మీద ఒక్కరూ చెప్పరు. ఆమె ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి ఆ కొడుకు సమూయేలుకు తీసుకెళ్లి ఇచ్చేదట. దూరంగా ఉన్న కొడుకు ఈ ఏడు ఎంత పెరిగి ఉంటాడో ఊహించుకొని కుట్టాలి, చేతులు పొట్టివవుతాయేమో అని కాస్త గుడ్డ మడిచి వదలాలి. (మా అమ్మ బట్టలు కుట్టేది, అందుకే నాకిది కనిపించిందేమో.) అలాగే బైబిల్లోనే ఇంకో తల్లి, రిస్పా. ఆమె కథ మదర్స్ డేకి పనికిరాదు, ఎందుకంటే కొడుకులు అప్పటికే చనిపోయారు, వాళ్లు లేచి రాలేదు. కోతకాలం మొదలు వాన పడేదాకా గోనెపట్ట పరచుకొని కూర్చొని, పగలు పక్షులు వాలకుండా, రాత్రి అడవి జంతువులు రాకుండా ఆ శవాలను కాచింది. ఆమె విశ్వాసం చాలలేదని బైబిల్లో ఎక్కడా లేదు. ఆమె చేసిన పని విని దావీదు రాజే కదిలి ఆ ఎముకలకు సమాధి చేయించాడు. చర్చి సంఘం అంటే అలా కదలాలి కదా.

కదలడమంటే పెద్ద పనులేం అడగడం లేదు. నిద్ర తక్కువైతే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది, డాక్టర్లు మొదట చెప్పే జాగ్రత్తల్లో ఇదొకటి. మా దగ్గరేమో శుక్రవారం ఆల్‌నైట్ ప్రేయర్లు, డిసెంబర్ 31 రాత్రి పన్నెండు దాటేదాకా ఆరాధన. మధ్యలో పాపను తీసుకొని లేచి వెళ్తుంటే వెనక బెంచీల నుంచి చూసే చూపులున్నాయే, అవి మానేస్తే చాలు. ఇంకొకటి, సండే స్కూలు టీచర్లకు ఒక అరగంట ఎవరైనా నర్సుతో చెప్పించండి. మా పాపకు క్లాసులో ఫిట్స్ వచ్చినప్పుడు ఒకరు చేతిలో తాళాలగుత్తి పెట్టారు, ఒకరు ఉల్లిపాయ కోసం పరిగెత్తారు, ఇంకొకాయన దురాత్మను గద్దించడం మొదలుపెట్టాడు. మిగతా పిల్లలు ఆ గద్దింపుకే ఎక్కువ జడుసుకున్నారు. చేయాల్సింది చాలా తక్కువ. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తలకింద మెత్తగా ఏదైనా పెట్టాలి, నోట్లో ఏదీ కుక్కకూడదు, చేతులు అదిమిపట్టకూడదు, గడియారం చూడాలి, ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయాలి. తాళాలతో ఫిట్స్ ఆగవు, చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి, అప్పటికి తాళాలు చేతిలో ఉంటాయి కాబట్టి పేరు తాళాలకు దక్కుతుంది.

"ఆడపిల్ల కదా, పెళ్లెట్లా చేస్తావు, ఎవరికీ చెప్పకు" అని సలహా ఇచ్చే అక్కలు చర్చిలోనూ ఉన్నారు, కోర్టు ఆవరణలోనూ ఉన్నారు. హిందూ వివాహ చట్టంలో మూర్ఛ ఉన్నవాళ్ల పెళ్లికి ఉన్న అడ్డును 1999లోనే తీసేశారు, మన నోళ్లలోంచి మాత్రం ఇంకా పోలేదు. నేనైతే దాచను. దాచితే రేపు అత్తవారింట్లో పాప మాత్ర ఎక్కడ కూర్చొని మింగుతుంది, బాత్రూంలోనా?

ప్రార్థన ఏమైందని అడుగుతారేమో. రోజూ చేస్తాం, రాత్రి మాత్ర వేసినాకే. పాప తనే చేస్తుంది, లెక్కల టీచరు మంచిగా ఉండాలని కూడా అందులో కలిపేస్తుంది. బాగుచేయమని నేను అడుగుతూనే ఉన్నాను, అడగడం మానను. ఇంతవరకు బాగుకాలేదు. రెండూ నిజమే, ఈ రెండూ ఒకే నోటితో చెప్పుకునే తల్లులు మా మందిరంలోనే ఇంకా ఉన్నారు. ఒకామె కొడుకు తాగుతాడు, ఒకామె కూతురు చర్చికే రానని వెళ్లిపోయింది, వాళ్లనూ మే నెలలో ముందుకు పిలవండి అయ్యగారూ, మైకు ఇవ్వకపోయినా పర్లేదు.

ఎడిటర్ గారూ, చివరగా మీకు ఒక మాట. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఒకటుంది. మంత్రాలతో, తాయత్తులతో, మహిమలతో ఫలానా జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు వేయకూడదని అందులో ఉంది, ఆ జబ్బుల పట్టికలో మూర్ఛ కూడా ఉంది. కూటాల ప్రార్థన దాని కిందికి వస్తుందా రాదా అనేది లాయర్లు తేల్చుకోవాలి, నేను టైప్ చేసేదాన్ని మాత్రమే. కానీ "ఫిట్స్, క్యాన్సర్, షుగర్ తక్షణమే మాయం" అని రంగురంగుల పాంప్లెట్లు మీ పేపరు మడతలో పెట్టే మా ఇంటికి వస్తున్నాయి, ఒక్క మా మతానివే కాదు, అన్ని రకాలవీ. అవి మీరు వేసినవి కావని, ఏజెంటు దగ్గర ఎవరో పెట్టిస్తారని నాకూ తెలుసు. మీ ఏజెంట్లకు ఒక మాట చెప్పండి. వీలైతే ఫిట్స్ వచ్చినప్పుడు ఏం చేయాలో ఒక చిన్న బాక్సు కట్టి జిల్లా పేజీలో వేయండి, నేను కత్తిరించి సండే స్కూలు గోడకు అంటిస్తాను.

ఇట్లు,
ఒక తల్లి, చిత్తూరు
(పాప స్కూలుకెళ్తోంది కాబట్టి నా పేరు వేయొద్దని మనవి)