కశ్మీరు చలిలో మన లారీలు

సంపాదకుడు గారికి నమస్కారం.

మా ఆదిలాబాద్ మీదుగా సాగే 44వ నంబరు జాతీయ రహదారే ఉత్తరాన శ్రీనగర్ దాకా వెళుతుంది. హైదరాబాద్ దగ్గరి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు యాపిల్ తెచ్చేందుకు మన లారీలు చలికాలంలోనూ ఆ దారిన పోతుంటాయి. ఇక్కడి ఆరేడు డిగ్రీల చలికే మనం వణికిపోతాం. అక్కడ డిసెంబరు 21 నుంచి నలభై రోజులను ‘చిల్లై కలాన్’ అంటారు. 2024లో ఆ రోజులు మొదలైనప్పుడు శ్రీనగర్‌లో రాత్రి ఉష్ణోగ్రత మైనస్ 8 డిగ్రీల కంటే కిందికి దిగింది. అంతటి చలిలో డీజిల్ ఇంజన్‌ను ఎలా వేడెక్కించాలో, ఎలా ఆపాలో మన డ్రైవర్లకు చెప్పేవారే లేరన్న బాధతో, ఒక లారీ యజమానిగా ఈ లేఖ రాస్తున్నాను.

నిరుడు జనవరిలో మా లారీ మంచు వల్ల కశ్మీరులోని ఖాజీగుండ్ దగ్గర రెండు రాత్రులు ఆగిపోయింది. “సేటూ, ఇంజన్ బంద్ చేస్తే పొద్దుగాల లేవదంటున్నరు, రాత్రంతా చాలూ ఉంచుతున్న” అని డ్రైవర్ ఫోన్ చేస్తే నేనూ సరేనన్నాను. మూడో రోజు బండి కదిలిన కాసేపటికే పొగలోని మసిని పట్టే ఫిల్టర్ లైటు వెలిగి, లాగుడు తగ్గిపోయింది. జమ్ములో ఫిల్టర్ బాగు చేయించుకుని ఇంటికి చేరాక, మెకానిక్ డిప్‌స్టిక్ తీసి, ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్ది నా ముక్కు దగ్గర పెట్టాడు. నీళ్లలా పలచబడిన ఆ ఆయిల్ డీజిల్ వాసన కొట్టింది.

లోడు లేకుండా ఊరికే తిరిగే డీజిల్ ఇంజన్ చలిలో ఎంతసేపున్నా సరిగా వేడెక్కదు. కాలకుండా మిగిలిన డీజిల్ సిలిండర్ గోడల వెంట ఆయిల్‌లోకి దిగుతుంది, పొగలో వేడి చాలక మసి ఫిల్టర్‌లోనే పేరుకుంటుంది. 2020 ఏప్రిల్ నుంచి కొత్త కాలుష్య ప్రమాణాలతో వస్తున్న బీఎస్-6 బండ్లకు, ఇంజన్‌ను రాత్రంతా ఆపొద్దనే పాత బండ్ల డ్రైవర్ల సలహా అసలే పనికిరాదు. పొద్దున స్టార్ట్ చేశాక మూడు నాలుగు నిమిషాలు రేసు ఇవ్వకుండా స్లోలో ఉంచి, ఆపైన టెంపరేచర్ ముల్లు లేచేదాకా నిదానంగా నడిపితే చాలు. చలికి చిక్కబడ్డ ఆయిల్ చేరకముందే రేసు ఇస్తే, ఇంజన్‌లోకి గాలిని నెడుతూ నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరిగే టర్బో బేరింగులు అరిగిపోతాయి.

ఆపేటప్పుడూ ఇంతే జాగ్రత్త కావాలి. బయట మంచు కురుస్తుంటే ఇంజన్‌ను వేరే చల్లార్చడం దేనికని అనుకునేవారు చాలామంది ఉన్నారు. టర్బో లోపలి వేడిని లాక్కుపోయేది దాని గుండా పారే ఆయిలే గాని బయటి గాలి కాదు. లోడుతో ఎత్తు ఎక్కి వచ్చిన బండిని ధాబా ముందు ఒక్కసారిగా ఆపేస్తే, ఆ ఆయిల్ లోపలే నిలిచి మాడి బొగ్గు కడుతుంది. రెండు మూడు నిమిషాలు స్లోలో ఉంచి ఆపడం కష్టమేమీ కాదు.

మామూలు డీజిల్ చలికి మైనం కట్టి డీజిల్ ఫిల్టర్‌ను మూసేస్తే, ట్యాంకు కింద మంట పెట్టే ప్రమాదకరమైన అలవాటు కూడా ఉంది. ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులోనే మైనస్ 33 డిగ్రీల వరకు గడ్డకట్టని డీజిల్‌ను లద్దాఖ్ కోసం తెచ్చిందని మా డ్రైవర్లలో ఒక్కరికీ తెలియదు.

అయితే రాత్రంతా ఇంజన్ నడపడంలో డ్రైవర్లను తప్పుపట్టలేను. గడ్డకట్టే చలిలో క్యాబిన్‌లో పడుకున్న మనిషికి ఆ వేడే ఆధారం. అది లేక కొందరు తలుపులు మూసుకుని కుంపటి పెట్టుకుంటారు, ఆ పొగకు నిద్రలోనే ప్రాణం పోవచ్చు. లారీలను ఆపే చోట్ల వెచ్చని విశ్రాంతి గదులు కట్టాలని జాతీయ రహదారుల సంస్థను కోరుతున్నాను. కొత్త బండి అప్పగించేటప్పుడు ఈ జాగ్రత్తలను కంపెనీలు తెలుగులో ముద్రించి ఇవ్వాలి. హెవీ లైసెన్సు శిక్షణలో చలి ప్రాంతాల డ్రైవింగ్‌కు రవాణా శాఖ కనీసం ఒక పూట కేటాయించాలి. వచ్చే నవంబరులో మా బండ్లు మళ్లీ కశ్మీరు దారి పట్టేలోపు వీటిలో కనీసం తెలుగు కరపత్రమైనా డ్రైవర్ల చేతికి అందించాలని మనవి.

ఇట్లు,
ఒక లారీ యజమాని,
ఆదిలాబాద్