మా ఇంటికి నాలుగు మెట్లుండేవి: పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను కృష్ణా డెల్టాలో ఒక చిన్న మునిసిపాలిటీలో పిండిమర నడుపుతాను. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. మీ పేషీ నుంచి కమిషనర్ గారికి ఫోన్ వస్తుంది, ఆయన ఏఈని (అసిస్టెంట్ ఇంజినీరుని) పిలుస్తారు, ఏఈ వెళ్లి మా వార్డు సచివాలయంలో వసతుల కార్యదర్శి మీద పడతారు. ఆ అబ్బాయి సాయంత్రం మర దగ్గరికొచ్చి "ఏంటి అత్తా, నా ఉద్యోగానికి ఎసరు పెట్టావ్" అంటాడు. ఆ అబ్బాయి తప్పేం లేదు. పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు పోస్తూ మా ఇళ్లను కిందికి దించడం అతను పుట్టకముందు నుంచీ జరుగుతున్న సంగతి.

మా మామగారు ఈ ఇల్లు 1983లో కట్టారు. అప్పుడు వీధిలోంచి అరుగు ఎక్కాలంటే నాలుగు మెట్లు. ఒక్కో మెట్టు ఏడంగుళాలు. అంత ఎత్తు ఎందుకంటే ఆయన 1977 నవంబరు ఉప్పెన చూసిన మనిషి. దివిసీమలో చుట్టాలను పోగొట్టుకున్నారు. ముందు గదిలో మర పెట్టినప్పుడు, నెత్తిన డబ్బాలతో వచ్చే ఆడవాళ్లు మెట్లెక్కలేక విసుక్కునేవారట. "నీళ్లు ఎక్కకూడదంటే మనం ఎక్కాలమ్మా" అనేవారట ఆయన.

ఇప్పుడు ఆ నాలుగు మెట్లూ లేవు. ఎవరూ పగలగొట్టలేదు, అక్కడే ఉన్నాయి, రోడ్డు కింద. మొదటి మెట్టు 1991లో తారు రోడ్డు కిందికి పోయింది. రెండోది 2004లో మొదటి సీసీ రోడ్డు కిందికి. మూడోది 2013లో, పాత సీసీ బీటలు వారిందని దాని మీదే ఇంకోటి పోసినప్పుడు. 2018లో మళ్లీ పోశారు, నాలుగోది మునిగింది. నాలుగేళ్ల కిందట రోడ్డుకు తగ్గట్టు డ్రెయిన్ గోడలు లేపారు. ఇప్పుడు వీధిలోంచి మా ఇంట్లోకి రావాలంటే ఒక మెట్టు దిగాలి. నెత్తిన డబ్బా ఉన్నవాళ్లకు దిగడమూ కష్టమే.

ఇందులో ఎవరి పార్టీనీ అనడానికి లేదండి. లెక్క చూడండి. 2004లో ఎన్నికైన కౌన్సిల్ ఉంది. 2010 సెప్టెంబరులో కౌన్సిళ్ల గడువు అయిపోయాక 2014 జులై దాకా ప్రత్యేకాధికారుల పాలన, అంటే 2013 రోడ్డు అధికారులు వేసింది. 2018లో మళ్లీ కౌన్సిల్. 2019 జులై నుంచి 2021 మార్చి దాకా మళ్లీ ప్రత్యేకాధికారులు. ఆ తర్వాతి కౌన్సిల్ డ్రెయిన్ లేపింది. మేం ఓటేసినా, వేసే అవకాశం ఇవ్వకపోయినా, మా గడప మాత్రం కిందికే పోయింది. అందుకే ఇది మనుషుల జబ్బు కాదు, పద్ధతి జబ్బు అని నాకు అనిపించి మీకు రాస్తున్నాను.

పద్ధతి ఎలా ఉంటుందో ఒకసారి కళ్లారా చూశాను. మా కౌన్సిలరమ్మ మంచిది. రోజూ మర మీదుగానే వెళ్తుంది. నేను పోరు పెట్టగా పెట్టగా "రా పిన్నీ, నువ్వే చూద్దువు గాని" అని కౌన్సిల్ సమావేశానికి తీసుకెళ్లింది. వెనక విలేకరుల పక్కన కూర్చున్నాను. అజెండాలో అరవై పైచిలుకు అంశాలు. మొదటి అరగంట ఒక విగ్రహం ఎక్కడ పెట్టాలనే దాని మీద గొడవ. ఆ తర్వాత పదిహేను నిమిషాలు పందుల మీద. ఆ పదిహేను నిమిషాలూ నిజంగా పనికొచ్చే చర్చే జరిగింది, కాదనను. ఆ తర్వాత గుమాస్తా గారు నంబర్లు చదువుతూ పోయారు. "పన్నెండు నుంచి యాభై ఎనిమిది వరకు." "ఆమోదం." అంతే. మా వీధి డ్రెయిన్ ఆ మధ్యలో ఎక్కడో ఉంది. నేను చీర కొంగుతో మొహం తుడుచుకునే లోపు అయిపోయింది.

బయటికొచ్చాక మా కౌన్సిలరమ్మను అడిగాను, మా డ్రెయిన్ ఎంత ఎత్తు కడుతున్నారో అందులో రాశారా అని. ఆమె కాగితం చూపించింది. వీధి పేరు ఉంది, "సీసీ డ్రెయిన్ నిర్మాణం" అని ఉంది, అంచనా మొత్తం ఉంది. ఎత్తు గురించి ఒక్క ముక్క లేదు. లేనిదాని మీద ఆమె మాత్రం ఏం మాట్లాడుతుంది?

పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద 2018 రోడ్డు అంచనా కాపీ తీసుకున్నాను. అడిగిన ఇరవై ఎనిమిదో రోజున ఇచ్చారు, ఆ మాట చెప్పుకోవాలి. మా పెద్దబ్బాయి డిప్లొమా చదివాడు, కూర్చోబెట్టి చదివించాను. ఇసుక ఎంత, కంకర ఎంత, సిమెంటు ఎంత, నీళ్లు తడపడానికి ఎంత, అన్నీ ఉన్నాయి. పాత కాంక్రీటు పగలగొట్టి తీసేసే పని మాత్రం లేదు. ఏఈ గారిని అడిగితే దాచకుండా చెప్పారు. "పాతది పగలగొట్టి, ట్రాక్టర్లలో ఎత్తించి, అప్పుడు కొత్తది పోయాలంటే ఈ డబ్బుకు సగం వీధే అవుతుందమ్మా. మిగతా సగం వాళ్లు ఊరుకుంటారా?" ఊరుకోరు. అది నాకూ తెలుసు. వార్డుకు ఇంత అని పంచుకున్న డబ్బులో ఎక్కువ వీధులకు కొబ్బరికాయ కొట్టాలంటే పాతదాని మీదే కొత్తది పోయాలి. కాంట్రాక్టరుకూ అదే సుఖం. చేసిన పని కొలతలు రాసే ఎం బుక్‌లో కొలిచేది కొత్తగా పోసిన కాంక్రీటునే కదా. మా గడప ఎంత దిగిందో రాసుకునే గడి అందులో లేదు.

ఇంకో సంగతి. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో పురపాలక సంస్థలు చూసుకోదగ్గ అంశాలు 18 ఉన్నాయని మా అబ్బాయి చూపించాడు. అందులో నాలుగోది రోడ్లు, ఐదోది నీటి సరఫరా, ఆరోది పారిశుద్ధ్యం. కాగితం మీద మూడూ పక్కపక్కనే ఉన్నాయి. మా ఆఫీసులో మాత్రం మూడూ మూడు ఫైళ్లు, మూడు పద్దులు, మూడు టెండర్లు. మా స్థాయి ఊళ్లకు 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన డబ్బులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే వాడాలని షరతు పెట్టారు. మంచిదే. కానీ నీళ్ల పైపుకు డబ్బు ఒక ఏడాది వస్తుంది, రోడ్డుకు ఇంకో పద్దులోంచి అంతకు ముందు ఏడాదే వచ్చేసి ఉంటుంది. అందుకే వేసిన రోడ్డును తవ్వుతారు. తవ్విన చోట మట్టి పోసి పోతారు. ఆ మట్టి కుంగితే మీద కాంక్రీటు అతుకు వేస్తారు, అదీ ఇంకో రెండంగుళాలు ఎత్తుగా.

రోడ్డు లేచిన కొద్దీ కింద పైపు లోతుకు పోయింది. ఇప్పుడు మా వీధి పైపు నాలుగు పొరల రోడ్డు కింద ఉంది. ప్రెజరు చాలక పైన పెట్టిన కుళాయికి నీళ్లు ఎక్కవు. అందుకని అందరం ఇంటి ముందు గుంత తవ్వి, నడుం వంచి, అందులో బిందె పెట్టి పట్టుకుంటాం. వాన పడితే డ్రెయిన్ పొంగి ఆ గుంత నిండుతుంది. నీళ్లు రాని వేళల్లో పైపు ఖాళీ అయినప్పుడు గుంతలో ఉన్న మురుగును లోపలికి లాక్కుంటుంది. సచివాలయం అబ్బాయి క్లోరిన్ పరీక్ష చేయడానికి వస్తాడు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలట. వీధి మొదట్లో క్లోరిన్ ఉందని చూపే రంగు వస్తుంది, చివర్లో ఉన్న మా ఇంటి దగ్గర ఒక్కోసారి రాదు. 2018 మార్చిలో గుంటూరులో తాగే నీళ్లలో మురుగు కలిసి అతిసారంతో ప్రాణాలు పోయినప్పుడు మేం నెల రోజులు నీళ్లు కాచుకు తాగాం. తర్వాత మరిచిపోయాం. గుంతలు మాత్రం అలాగే ఉన్నాయి.

మరకు పిండి పట్టించుకోవడానికి వచ్చేవాళ్లు అందరూ ఇవే చెబుతారు. మినప్పప్పు తిరిగేలోపు ఒకరి బాత్రూంలోకి డ్రెయిన్ నీళ్లు వెనక్కి ఎలా వచ్చాయో వింటాను, కారం పట్టేలోపు ఇంకొకరిది. డబ్బున్నవాళ్లు పాత ఇల్లు పడగొట్టి నాలుగడుగుల బేస్‌మెంట్ మీద కొత్తది కట్టుకుంటున్నారు. వాళ్ల వాకిట్లో నీళ్లు పక్కింట్లోకి వస్తాయి. మా వెనక వీధిలో ఒకాయన జాకీలు పెట్టించి ఇంటిని మూడడుగులు పైకి లేపించాడు. ఉత్తరాది పనివాళ్లు వచ్చి నెల రోజులు చేశారు. ఊరంతా వెళ్లి చూశాం, తిరునాళ్లకు వెళ్లినట్టు. మేమూ ధర అడిగాం. చదరపు అడుగుకు వాళ్లు చెప్పిన లెక్క విని, మర అమ్మినా చాలదని ఊరుకున్నాం. మోటారు కింద ఇటుకలతో దిమ్మె కట్టించాం. బెల్టు పొడవు మార్చాల్సి వచ్చింది. అయినా పోయిన ఆశ్వయుజంలో వానకు మోటారు తడిసి కాలిపోయింది. వైండింగ్ చేయించడానికి పది రోజులు. ఆ పది రోజులూ దసరా రోజులే.

పన్ను మాటా చెబుతాను. 2021 ఏప్రిల్ నుంచి ఇంటి పన్ను అద్దె విలువ మీద కాకుండా మూలధన విలువ మీద వేస్తున్నారు, ఏడాదికి 15 శాతం మించకుండా పెంచుతామన్నారు. కడుతున్నాం. మా మామగారు చీరాల పేరాల కథ చెప్పేవారు. వద్దంటే వినకుండా మునిసిపాలిటీ చేసి పన్ను ఎన్నో రెట్లు పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద జనం ఊరొదిలిపోయి రామనగరంలో పాకలేసుకుని పదకొండు నెలలున్నారట. మాకంత పౌరుషం లేదు లెండి. పన్ను తగ్గించమనీ అడగడం లేదు. ఇంటి విలువ పెరిగిందని పన్ను పెంచేటప్పుడు, ఆ ఇల్లు రోడ్డుకు ఎంత కిందికి పోయిందో కూడా ఎక్కడన్నా రాయమంటున్నాను.

నేను అడిగేది ఒక్కటే. కొత్త రోడ్డు పై మట్టం పాత రోడ్డు మట్టాన్ని దాటకూడదని మీ శాఖ నుంచి ఒక ఉత్తర్వు ఇవ్వండి. పాతది తొలగించే పని అంచనాలో లేకపోతే సాంకేతిక అనుమతి ఇవ్వొద్దని అందులో రాయండి. ఇది వింత కోరికేం కాదు. తమిళనాడులో 2021 మే నెలలో అప్పటి ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి ఇరై అన్బు గారు పాత పొరను గీకేశాకే కొత్త పొర వేయాలని, రోడ్డు మట్టం పెరగకూడదని ఆదేశించారు. తారును గీకినంత తేలిక కాదు సిమెంటును పగలగొట్టడం, ఆ తేడా నాకు తెలుసు. ఖర్చవుతుంది. సగం వీధే అయితే సగమే వేయండి, మిగతా సగం వచ్చే ఏడాది వేయండి. మా వీధివాళ్లకు నేను సర్దిచెబుతాను. మరకు రాని ఇల్లు మా వీధిలో లేదు.

ఊరంతా ఒకే పద్ధతి కుదరదని కూడా ఒప్పుకుంటాను. కాలువ గట్టు పక్క రెండు వీధులున్నాయి, వాటిని లేపకపోతే వానాకాలంలో మనిషి నడవలేడు. అక్కడ లేపండి. కానీ లేపుతున్నాం అని ముందే చెప్పి లేపండి. అజెండా కాగితంలో వీధి పేరు పక్కన ఇప్పుడున్న మట్టం, రాబోయే మట్టం రెండూ రాసి, సమావేశానికి వారం ముందు సచివాలయం గోడకు అంటిస్తే చాలు. అప్పుడు మా కౌన్సిలరమ్మ లేచి మాట్లాడటానికి ఒక అంకె ఉంటుంది. పైపు మార్చే ఆలోచన ఉందా లేదా అన్నది కూడా అదే వరసలో రాస్తే, తవ్వడం ముందు, పోయడం తర్వాత అవుతుంది.

ఇదంతా ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, మా వీధికి మళ్లీ రోడ్డు మంజూరైంది. 2018 రోడ్డు బీటలు వారింది. నల్లరేగడి నేల, ఎండకు విచ్చుకుని వానకు ఉబ్బుతుంది, బీటలు వారక ఏం చేస్తుంది? పోయిన వారం ఇద్దరు వచ్చి కొలతలు తీసుకున్నారు. నేనే స్టూలు వేసి టీ ఇచ్చాను. వెళ్లేముందు మా గోడ మీద ఎర్ర రంగుతో ఒక గీత గీశారు. ఇదేంటి బాబూ అంటే, కొత్త రోడ్డు ఇక్కడి దాకా వస్తుందమ్మా అన్నారు. వాళ్లు వెళ్లాక టేపు పెట్టి కొలిచాను. గడప మీద నుంచి తొమ్మిదంగుళాలు.

గీత అలాగే ఉంచాను, సున్నం వేయలేదు. మీ శాఖ నుంచి ఎవరన్నా వచ్చి చూస్తామంటే చూడొచ్చు. మర పొద్దున ఎనిమిదింటికి తెరుస్తాను. వచ్చేటప్పుడు ఒక మెట్టు దిగాలి, జాగ్రత్త.

ఇట్లు,
ఒక పిండిమర యజమానురాలు