కూర్స్ ఫీల్డ్‌కు అసలు ఓనరు ప్రజలే కదా సార్: కొలరాడో గవర్నర్‌కు ఒక నిరాశావాది బహిరంగ లేఖ

గౌరవనీయులైన కొలరాడో గవర్నర్ జారెడ్ పోలిస్ గారికి నమస్కారం.

2026 సీజన్‌లో మన కొలరాడో రాకీస్ బేస్‌బాల్ జట్టు ఎంత ఘోరంగా ఆడగలదో ముందే ఊహించి, మీకు రాసి పెడుతున్నాను. సీజన్‌కు ముందు జరిగే స్ప్రింగ్ ట్రైనింగ్ కోసం కుర్రాళ్లంతా అరిజోనాలోని స్కాట్స్‌డేల్ చేరే కాలం ఇది. మిగతా అభిమానులు కొత్త పిచ్చర్ల (క్రికెట్‌లో బౌలర్లలాంటి వాళ్లు) గురించి ఆశగా మాట్లాడుకుంటారు. నాకది చేతకాదు. పరీక్ష రాసి ఇంటికొచ్చిన పిల్లాణ్ణి పట్టుకుని సప్లిమెంటరీ ఎప్పుడని అడిగే రకం నేను.

తెలుగులో ఉందని ఈ లేఖను పక్కన పడేయకండి. అరోరా, పార్కర్, హైలాండ్స్ రాంచ్ వైపు తెలుగువాళ్లకు కొదవ లేదు. మీ ఆఫీసులోనే ఎవరో ఒకరు చదివి పెడతారు.

బేస్‌బాల్ చూడని మావాళ్ల కోసం రెండు ముక్కలు. ఐపీఎల్‌లో జట్టు ఎంత పాడుగా ఆడినా లీగ్ దశలో 14 మ్యాచ్‌లతో బాధ తీరిపోతుంది. ఇక్కడ 162 ఆటలు. మార్చి ఆఖర్లో మొదలైతే సెప్టెంబరు చివరిదాకా, దాదాపు రోజూ. ఈ రోజు పోయిన పరువును రాత్రి పడుకుని మర్చిపోదామంటే, రేపు మళ్లీ పోవడానికి సిద్ధంగా ఉంటుంది. గొప్ప జట్లు కూడా 60 ఆటలు ఓడతాయి, అందులో తప్పేం లేదు. మనవాళ్లు 2025లో 119 ఓడారు, గెలిచినవి 43. చేసిన రన్స్ 597, ఇచ్చినవి 1021. ఆ 424 తేడా 1901 నుంచి లెక్కేసుకునే ఆధునిక యుగంలోనే అతి పెద్దది. 2023లో 103, 2024లో 101 ఓటములు. అంటే వరుసగా మూడేళ్లు సెంచరీ కొట్టాం. 2023కు ముందు ఈ జట్టు ఏ ఒక్క సీజన్‌లోనూ వంద ఓడలేదు.

2025 మే 10న డెన్వర్‌లోని మన సొంత మైదానం కూర్స్ ఫీల్డ్‌లో సాన్ డియేగో పాడ్రెస్ చేతిలో 21-0తో ఓడిపోయాం. మర్నాడు అదే జట్టు మీద 9-3తో గెలిచాం. గెలిచిన ఆ రోజే మేనేజర్ (మన లెక్కలో హెడ్ కోచ్) బడ్ బ్లాక్‌ను తీసేశారు. అప్పటికి రికార్డు 7 గెలుపులు, 33 ఓటములు. ముందు రోజు ఊరుకుని, గెలిచిన రోజు మనిషిని ఇంటికి పంపడం, అదీ మదర్స్ డే నాడు, మన జట్టు ఆఫీసుకే చెల్లింది.

ఇక నా పీడకల చెబుతాను. మామూలు నిరాశావాదులు ఏప్రిల్‌లోనే వరుసగా పాతిక ఓటములతో మొదలుపెడతారు. 1988లో బాల్టిమోర్ ఓరియోల్స్ నిజంగానే మొదటి 21 ఆటలూ ఓడింది కాబట్టి అది కొత్త ఊహేమీ కాదు. నా సీజన్ గెలుపులతో మొదలవుతుంది సార్. మొదటి వారంలో నాలుగు ఆటలు గెలుస్తారు. అటక మీది మన జట్టు ఊదారంగు టోపీలు కిందికి దిగుతాయి. టీవీలో ఎవరో 2007 అక్టోబరు గుర్తొస్తోందంటారు. ఆ ఏడాది 22 ఆటల్లో 21 గెలిచి వరల్డ్ సిరీస్ (మన లెక్కలో ఫైనల్) దాకా వెళ్లాం, అక్కడ బోస్టన్ చేతిలో నాలుగుకు నాలుగూ ఓడి వచ్చాం. ఈ రెండో సగం మాత్రం టీవీలో చెప్పరు. దింపుడు కళ్లం ఆశ అంటే ఏమిటో డెన్వర్‌లో ఏప్రిల్ నెల చూస్తే తెలుస్తుంది.

మేలో మంచు పడుతుంది. ఆట వాయిదా పడి, మర్నాడు ఒకే రోజు రెండు ఆటలు పెడతారు. రెండూ పోతాయి. జూన్‌లో ఉన్న ఒక్క మంచి పిచ్చర్ మోచెయ్యి పట్టుకుని డగౌట్ వైపు చూస్తాడు. ఏడాదికి పైగా అతను కనపడడని ఆ చూపులోనే తెలిసిపోతుంది. మోచేతి లిగమెంట్ ఆపరేషన్ అయితే తిరిగి రావడానికి అంత కాలం పడుతుంది మరి.

పిచ్చర్ల గురించి ఒక మాట, ఎందుకంటే మన జట్టును తిట్టే చాలామందికి ఈ కష్టం తెలియదు. కూర్స్ ఫీల్డ్‌లో పై డెక్‌లో ఇరవయ్యో వరస సీట్లు మాత్రం ఊదారంగులో ఉంటాయి. సముద్రమట్టానికి సరిగ్గా ఒక మైలు, అంటే 5280 అడుగుల ఎత్తు అది. అంత ఎత్తులో గాలి పలచన. చేతినుంచి వదిలిన కర్వ్ బాల్ చివరి క్షణంలో గభాలున కిందకు జారాలి, ఇక్కడ జారదు. బ్యాటర్ నడుము ఎత్తులో నిదానంగా తేలుతూ వస్తుంది. వాడు కొడితే అదే పలచని గాలిలో ఎక్కడికో పోతుంది. 2002 నుంచి బంతుల్ని తేమ ఉన్న గదిలో దాచి, తోలు ఎండిపోకుండా చూస్తున్నారు. కొంత మేలు జరిగింది. కానీ ఇంకో చిక్కుంది. వంకర తిరగని బంతులకు అలవాటుపడ్డ మన బ్యాటర్లు లాస్ ఏంజెలెస్ వెళ్లి తిరిగే బంతులు చూడగానే తెల్లమొహం వేస్తారు. ఇంట్లో పిచ్చర్లకు కష్టం, బయట బ్యాటర్లకు కష్టం. ఇది ప్రకృతి పెట్టిన పరీక్ష, దీనికి నేనెవర్నీ నిందించను. 33 సీజన్లుగా ఇదే ఊళ్లో ఆడుతూ దీనికి తగ్గ పద్ధతి ఒకటి తేల్చుకోలేని ఆఫీసును మాత్రం నిందిస్తాను. ఈ 33 సీజన్లలో ఒక్కసారి కూడా మనం మన డివిజన్ (లీగ్‌లో మనమున్న ఐదు జట్ల గుంపు) గెలవలేదు.

జూలైలో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు వస్తుంది. 2024, 2025 రెండేళ్లూ వరల్డ్ సిరీస్ గెలిచింది వాళ్లే, ఉన్నది మన డివిజన్‌లోనే. తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఏడోదానికి కింది వరసలన్నీ వాళ్ల నీలిరంగే. మన ఊదారంగు డైనోసార్ మస్కట్ డింగర్, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనక ఎవరి కోసం ఊగుతోందో దానికే అర్థం కాదు. (స్టేడియం పునాదులు తవ్వుతుంటే డైనోసార్ ఎముకలు బయటపడ్డాయని దాన్ని మస్కట్‌గా పెట్టుకున్నాం. శిలాజాల మీద కట్టిన జట్టు అని నేనంటే మా ఇంట్లో వాళ్లకు కోపం.) 2023 జూన్‌లో ఇదే మైదానంలో ఏంజెల్స్ జట్టువాళ్లు 25-1తో కొట్టి వెళ్లారు. నా పీడకలలో డాడ్జర్స్ 26 కొడతారు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మన తరఫున పిచింగ్ చేసేది పిచ్చర్ కాదు, క్యాచర్ (వికెట్ కీపర్‌లాంటి వాడు).

ఆగస్టు 3కు ట్రేడ్ గడువు, అంటే వేరే జట్లతో ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకోవడానికి ఆఖరి రోజు. ఉన్నవాళ్లలో కాస్త మంచివాణ్ణి పంపేస్తారు. అలవాటైన పనే కదా. 2021 ఫిబ్రవరిలో నోలన్ అరెనాడోను సెయింట్ లూయిస్‌కు ఇచ్చి, ఎదురు 5 కోట్ల డాలర్ల దాకా మనమే ముట్టజెప్పాం. పిల్లనిచ్చి పైన కట్నమూ ఇచ్చిన లెక్క. మరుసటి ఏడాది క్రిస్ బ్రయంట్‌కు ఏడేళ్లకు 18.2 కోట్ల డాలర్లు రాసిచ్చాం. వెన్నునొప్పితో, మిగతా గాయాలతో మొదటి నాలుగేళ్లలో 170 ఆటలే ఆడగలిగాడు పాపం. వెన్నునొప్పి అతని తప్పు కాదు, నాకు అతనంటే జాలే. కానీ డబ్బు లేక ఓడుతున్నామన్న మాట మాత్రం ఇంకెవరూ నాకు చెప్పకూడదు.

ఇదంతా చదివి, ఈ మనిషి 130 ఓటములు ఊహిస్తున్నాడని మీరు అనుకుంటూ ఉంటారు. కాదు సార్. నా లెక్క 63 గెలుపులు, 99 ఓటములు. సెప్టెంబరు ఆఖరి వారంలో, అప్పటికే ప్లేఆఫ్స్‌కు చేరి మంచి ఆటగాళ్లకు విశ్రాంతినిచ్చిన జట్టు మీద మూడు గెలుస్తారు. వంద తప్పుతుంది. అదీ ఊహించగల అతి చెడ్డ సీజన్.

ఎందుకంటారా? 2024లో చికాగో వైట్ సాక్స్ 121 ఓడి ఆధునిక రికార్డు పెట్టింది. దేశమంతా నవ్వింది, కమెడియన్లకు కూడా పని దొరికింది. 2025లో మనం దాన్ని దాటేస్తామని అందరూ అనుకున్నారు, ఆ రికార్డు కూడా చేతకాక 119 దగ్గర ఆగాం. అయినా ఆ సిగ్గు కొంత పని చేసింది. ఎప్పుడూ సొంత ఆఫీసులోని వాళ్లకే ప్రమోషన్లిచ్చుకునే మన యజమాని డిక్ మోన్‌ఫోర్ట్, ఇన్నాళ్లకు బయటి మనిషి పాల్ డిపొడెస్టాను బేస్‌బాల్ వ్యవహారాల అధిపతిగా తెచ్చారు. (ఆయన అంతకుముందు పనిచేసిన క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ ఫుట్‌బాల్ జట్టు 2017లో 16కు 16 ఓడింది. నేను నిరాశావాదినని ముందే చెప్పాను.)

99 ఓటములకు సిగ్గుండదు. నిరుటికంటే 20 ఆటలు ఎక్కువ గెలిచామని ప్రకటన వస్తుంది, అందులో అబద్ధమేమీ ఉండదు. పునర్నిర్మాణం గాడిలో పడిందంటారు. 2020 సీజన్‌కు ముందు ఇదే యజమాని 94 గెలుస్తామని లెక్కకట్టి చెప్పారు. కోవిడ్ వల్ల 60 ఆటలకు కుదించిన ఆ సీజన్‌లో 26 గెలిచి 34 ఓడాం. ఆ లెక్క ఏమైందని తర్వాత ఎవరడిగారు? రికార్డు స్థాయిలో ఓడితే కనీసం ఎవరో ఒకరు అడుగుతారు. మామూలుగా ఓడితే ఎవరూ అడగరు. అలాంటి మామూలు సీజన్లు పదేళ్లు వరసగా వస్తాయన్నదే నా అసలు టెన్షన్.

బేస్‌బాల్ వాళ్ల నియమాలు కూడా మనకు కలిసిరావు. పాడుగా ఆడిన జట్టుకు కొత్త కుర్రాళ్ల డ్రాఫ్ట్‌లో ముందు అవకాశం రావాలి కదా. 2024లో మూడో పిక్ (ఆటగాణ్ణి ఎంచుకునే వంతు), 2025లో నాలుగో పిక్ వచ్చాయి కాబట్టి, ముందు వంతుల కోసం తీసే లాటరీలో వరుసగా మూడో ఏడు ఉండకూడదన్న రూలు తగిలి, 119 ఓడినా 2026లో మనకు దక్కేది పదో పిక్. కావాలని ఓడేవాళ్లను ఆపడానికి పెట్టిన రూలది. మనవాళ్లు మనస్ఫూర్తిగా ఆడే ఓడారని ఎవరైనా వాళ్లకు చెబితే బాగుండు. 2025లో తీసుకున్న ఈథన్ హాలిడే మాత్రం 2007 హీరో మాట్ హాలిడే కొడుకు. ఆ కుర్రాడి పేరు తలుచుకున్నప్పుడు నాకూ కాస్త ఆశ పుడుతుంది, వెంటనే అరెనాడో గుర్తొస్తాడు.

హైదరాబాద్ వాళ్లకు ఇంకో చరిత్ర ఉంది. డెక్కన్ ఛార్జర్స్ 2008 ఐపీఎల్‌లో అట్టడుగున నిలిచి, 2009లో కప్పు కొట్టింది. ఆ కథ తెలిసినవాళ్లు నాతో వాదిస్తుంటారు, ఏడాదిలో ఏమైనా జరగొచ్చని. జరగొచ్చు. అక్కడ కెప్టెన్ మారాడు, ఓడినందుకు అందరికీ తల కొట్టేసినట్టయింది. ఇక్కడ ఆ తల కొట్టేసినట్టు అవ్వడమే లేదు. 119 ఓడిన ఏడాది కూడా కూర్స్ ఫీల్డ్‌కు 20 లక్షల మందికి పైగా వచ్చారు. 1993లో, జట్టు పుట్టిన ఏడాది, పాత మైల్ హై స్టేడియానికి 44,83,350 మంది వచ్చారు. మేజర్ లీగ్ చరిత్రలో అదే ఇప్పటికీ రికార్డు. ఈ ఊరి ప్రేమ అంత గొప్పది, దాన్ని అంత తేలిగ్గా వాడుకుంటున్నారు. సాయంత్రం ఫస్ట్ బేస్ వైపు పై సీట్లలో కూర్చుంటే కొండల వెనక సూర్యాస్తమయం కనిపిస్తుంది. పైకప్పు డెక్ మీద కుర్రకారు ఆట వైపు వీపు పెట్టి బీరు తాగుతుంటారు. వాళ్లనేమీ అనను, చాలాసార్లు వాళ్లు చూస్తున్నదే మెరుగ్గా ఉంటుంది.

మరి ఇదంతా మీకెందుకు రాస్తున్నానంటే, ఈ మైదానం మోన్‌ఫోర్ట్ గారిది కాదు. 1990 ఆగస్టులో డెన్వర్ చుట్టుపక్కల ఆరు కౌంటీల జనం ఓటేసి, పది డాలర్ల సరుకుకు ఒక సెంటు చొప్పున అదనపు పన్ను కట్టి దీన్ని కట్టించారు. అప్పు అనుకున్నదానికంటే ముందే తీర్చేశారు. నేనప్పటికి ఈ దేశమే రాలేదు, కానీ నా ఇరుగుపొరుగు కట్టారు. స్టేడియం ఇప్పటికీ స్టేడియం డిస్ట్రిక్ట్ అనే ప్రజా సంస్థది, దాని బోర్డును నియమించేది గవర్నర్. 2017లో ఆ సంస్థే రాకీస్‌తో 30 ఏళ్ల లీజు కుదుర్చుకుంది. ఓక్లాండ్ అభిమానుల జట్టు ఊరొదిలి పోయింది, వాళ్ల బాధ వాళ్లది. మనకు ఆ భయం లేదు. 2047 దాకా వీళ్లు ఎక్కడికీ పోరు. నాలాంటివాడికి అది అభయమో శాపమో మీరే చెప్పాలి.

అద్దెకున్నవాళ్లు ఎన్ని ఆటలు గెలవాలో లీజులో రాయమని నేను అడగడం లేదు. గెలుపు ఎవరి చేతిలోనూ ఉండదు. నేనడిగేది ఒక్కటే. ఆ బోర్డు ఏడాదికోసారి బహిరంగ సమావేశం పెట్టి, యజమానిని కూర్చోబెట్టి, జనం అడిగిన దానికి జవాబు చెప్పించాలి. పిచ్చర్ల కోసం ఎంత ఖర్చు పెట్టారు, ఎత్తు సమస్య మీద ఏం పరిశోధన చేశారు, మంచి ఆటగాణ్ణి ఎందుకు వదులుకున్నారు. టికెట్టు రేట్ల గురించి అడగడానికి కూడా ఎవరో ఒకరు ఉంటారు. బలవంతం చేసే అధికారం బోర్డుకు లేదంటారేమో. రమ్మని పిలిచే అధికారం ఉంటుంది కదా. పిలిచినా రాకపోతే ఆ ఖాళీ కుర్చీని టీవీవాళ్లు చూపిస్తారు.

మీ పదవీకాలం 2027 జనవరితో ముగుస్తుంది. అంటే గవర్నర్‌గా మీకిదే ఆఖరి బేస్‌బాల్ సీజన్. సమావేశం మాత్రం సెప్టెంబరులో పెట్టకండి. అప్పటికి బ్రాంకోస్ ఫుట్‌బాల్ మొదలై డెన్వర్‌లో ఒక్కడు కూడా బేస్‌బాల్ గురించి మాట్లాడడు. ఆగస్టు మొదటి వారంలో, ట్రేడ్ గడువు అయిపోయిన వెంటనే పెట్టించండి. వేడి మీద ఉంటాం, జనం బాగా వస్తారు.

ఇట్లు,
కూర్స్ ఫీల్డ్‌లో రాక్‌పైల్ అనే చవక సీట్ల అభిమాని ఒకరు,
అరోరా, కొలరాడో