మేరీ కట్టారు సరే, మేయరేడండీ?

పుదుచ్చేరి స్థానిక పరిపాలన శాఖ మంత్రి గారికి,

యానాం నుంచి ఒక ఓటరు నమస్కారాలు. 2011 తర్వాత మాకు లేకుండా పోయిన మున్సిపల్ కౌన్సిల్‌కి మళ్ళీ ఎన్నికలు పెట్టించమని అడగడానికే ఈ ఉత్తరం.

ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. 1965 నాటి మీ అధికార భాషా చట్టంలోనే మాహేకి మలయాళం, యానానికి తెలుగు అని చోటిచ్చారు. చదివిపెట్టే మనిషి మీ సచివాలయంలో ఒక్కరైనా ఉండకపోరు. లేకపోతే, 800 కిలోమీటర్ల పైచిలుకు దూరాన మేం మాట్లాడేది మీ దాకా ఎంత వినబడుతోందో తేలిపోయినట్టే.

మా ఇంట్లో ఇనప్పెట్టె అడుగున మా తాత పుట్టిన కాగితం ఒకటుంది. 1912 నాటిది. అంచులు పొడిపొడిగా రాలిపోతున్నాయి గానీ మధ్యలో రాత చెక్కు చెదర్లేదు. అంతా ఫ్రెంచి. తేదీ అంకెల్లో వెయ్యలేదు, మాటల్లో రాశారు. ఎన్ని గంటలకి పుట్టాడు, వచ్చి చెప్పినాయన ఎవరు, ఆయన వయసెంత, చేసే పనేంటి (మా ముత్తాత మగ్గం నేసేవాడు), సాక్షులెవరు, అన్నీ ఉన్నాయి. మా ఇంటిపేరులో ‘ఉ’ పలికే చోటల్లా ఓ, యూ అని రెండక్షరాలు పక్కపక్కన కూర్చున్నాయి. కింద సంతకం మేయరుది. ఫ్రెంచివాళ్ళ పద్ధతిలో పుట్టుకలూ చావులూ రాసుకునేది మేయరే, చట్టప్రకారం పెళ్ళి చేసేదీ మేయరే. తాత ఆ సంతకం మీద వేలు పెట్టి, “నేను పుట్టానని మేయరే రాసిచ్చాడ్రా” అనేవాడు, అదేదో బిరుదు పత్రమైనట్టు.

మేయరనే మాట మాకు నిన్నా మొన్నా వచ్చింది కాదండి. 1880 మార్చిలో ఫ్రెంచి ప్రభుత్వం తన భారత స్థావరాలను 10 కమ్యూన్లు చేసినప్పుడు అందులో యానాం ఒకటి. ఎన్నికైన కౌన్సిల్, ఆ కౌన్సిల్‌కి పెద్దగా మేయరు. గోదావరి, కోరంగి పాయ కలిసే చోట, చుట్టూ ఇంగ్లీషు వాళ్ళ జిల్లా పెట్టుకుని, తెలుగు మాట్లాడుకునే ఓ చిన్న ఊరికి ఆ రోజుల్లోనే ఆ ఏర్పాటు ఉంది.

అదంతా రామరాజ్యమని నేననను. వేళ్ళ మీద లెక్కపెట్టే తెల్లవాళ్ళకి ఒక ఓటర్ల జాబితా, మిగతా జనానికి వేరే జాబితా. ఆడవాళ్ళకి ఓటే లేదు. ఆ కాలంలో పుదుచ్చేరి ఎన్నికల్లో కర్రలెలా లేచేవో మీ పెద్దలు మీకు చెప్పే ఉంటారు. మా ఊళ్ళో ఇంకో వరస. 1929లో బ్రిటిషు ఇండియాలో శారదా చట్టం వచ్చాక, చిన్నపిల్లలకి పెళ్ళి చేయాలనుకున్న వాళ్ళంతా బళ్ళు కట్టుకుని సరిహద్దు దాటి ఇక్కడికి వచ్చేవారు. మా ఊరి వెంకన్న బాబుని పెళ్ళి వెంకన్న అంటున్నది ఆ వచ్చిపోయిన పెళ్ళివారి వల్లేనంటారు. గొప్పగా చెప్పుకునే సంగతేం కాదది. అయినా ఊరి పనులు చూడ్డానికి ఊరివాళ్ళనే ఎన్నుకోవాలన్న అలవాటు మాత్రం ఆ పాత సామానులోంచి మేం దాచుకోదగ్గదే.

ఇప్పుడు 1954కి వస్తాను, నా బాధంతా అక్కడే ఉంది. ఆ ఏడాది జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వంలో యానాంలో ఫ్రెంచి పాలన ముగిసింది. మేయరు మద్దింశెట్టి సత్యానందం గారు ఇండియాలో విలీనం వైపే నిలబడ్డారు. మేం ముందే వచ్చేశాం. మిగిలిన పుదుచ్చేరి, కారైక్కాల్ ఏం చేశాయి? అక్టోబర్ 18న కీళూరులో ప్రతినిధుల సభ సభ్యులూ మున్సిపల్ కౌన్సిలర్లూ 178 మంది కూర్చుని ఓటేశారు. 170 మంది ఇండియాలో కలుస్తామన్నారు, 8 మంది వద్దన్నారు. ఇంటింటికీ బ్యాలెట్ పెట్టి అడగలేదు. కౌన్సిలర్ల మాటే జనం మాటగా ఢిల్లీ ఒప్పుకుంది, పారిస్ ఒప్పుకుంది. ఆ చోట స్మారకం ఉంది, ఏటా ఆగస్టు 16న అక్కడ మీ ప్రభుత్వం జెండా ఎగరేస్తుంది. ఎవరి ఓట్లతో ఈ ప్రాంతం భారతదేశంలోకి వచ్చిందో, ఆ కౌన్సిలర్లు ఇవాళ మీ నాలుగు ప్రాంతాల్లో ఏ ఒక్క వార్డుకీ లేరు. జెండా కట్టే తాడు పట్టుకున్నప్పుడు ఈ సంగతి ఎవరికైనా తడుతుందా అని నాకు సందేహం.

కలిసిన తర్వాత కూడా చాలా ఏళ్ళు ఫ్రెంచి నాటి మున్సిపల్ పద్ధతే నడిచింది. 1968లో ఎన్నికలు జరిగాయి. 1973లో మన సొంత మున్సిపాలిటీల చట్టం వచ్చింది. చట్టం వచ్చింది గానీ ఎన్నికలు రాలేదు. 1968 నుంచి 38 ఏళ్ళు! సుప్రీంకోర్టు దాకా వెళ్తే తప్ప 2006లో మళ్ళీ ఓటింగు జరగలేదు. ఆ కౌన్సిళ్ళ గడువు 2011లో తీరిపోయింది. అంతే. 2021లో తేదీలు ప్రకటించి, రిజర్వేషన్ల వివాదంతో కోర్టు మెట్లెక్కి, ఆ తేదీలూ పోయాయి.

మా నాన్న 1968లో కుర్రాడు, 2006లో మనవరాలిని ఎత్తుకున్నాడు. తన జీవితం మొత్తంలో వార్డుకి రెండే రెండుసార్లు ఓటేసి వెళ్ళిపోయాడు. నేను ఒక్కసారి వేశాను. అప్పుడు ఉయ్యాల్లో ఉన్న మా అమ్మాయి 2024లో పార్లమెంటుకి ఓటేసి, వేలు మీద సిరా ఫోటో తీసుకుని అందరికీ పంపింది. ఢిల్లీకి ఎవరు వెళ్ళాలో చెప్పగలిగిన పిల్ల, తన వీధి దీపం గురించి ఎవరి తలుపు కొట్టాలో చెప్పలేదు.

ఇక మీ ఊళ్ళో మేరీ సంగతి. సముద్రపు ఒడ్డున 1870ల నాటి ఆ పురభవనాన్ని అందరూ మేరీ బిల్డింగనే అంటారు. మేరీ అంటే ఫ్రెంచిలో మేయరు కచేరీ. 2014 నవంబరు వానల్లో అది కుప్పకూలింది. దాదాపు 15 కోట్లు పెట్టి అచ్చు పాతదానిలాగే కట్టారు, 2021 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి ప్రారంభించారు. ఆమధ్య పుదుచ్చేరి వచ్చినప్పుడు రోడ్డు అవతల నిలబడి చాలాసేపు చూశాను. తెల్లటి గోడలు, వరస స్తంభాలు, సాయంత్రం లైట్లేస్తే కళ్ళు తిప్పుకోలేం. పక్కన ఒకాయన వేరుశనగలు అమ్ముతున్నాడు. ఇదేం బిల్డింగని, తెలిసీ అడిగాను. “మేరీ సార్” అన్నాడు. లోపల మేయరున్నాడా అన్నాను. నా మొహం వంక ఒకసారి చూసి పొట్లం చేతిలో పెట్టి డబ్బులడిగాడు.

దీనికంటే విచిత్రం ఇంకోటుంది. విలీనమప్పుడు ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకున్న కుటుంబాలు మీ దగ్గర ఇప్పటికీ వేలమంది. 2022 ఏప్రిల్లో ఫ్రాన్సు అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి వాళ్ళకి పుదుచ్చేరిలోనే పోలింగు బూతులు పెట్టారు. వాళ్ళ హక్కు వాళ్ళకుంది, సంతోషం. కానీ అదే వీధిలో భారత పౌరుడికి తన వార్డు మనిషిని ఎన్నుకునే బూతు ఏదండీ? అటు ఫ్రాన్సులో వంద గడప లేని పల్లెకి కూడా ఆరేళ్ళకోసారి ఎన్నికై వచ్చే మేయరుంటాడు. 2011 లెక్కల్లోనే 55,626 మంది ఉన్న యానానికి లేడు.

కౌన్సిలరుంటే ఒరిగేదేంటని మీరడగొచ్చు. అధికారులున్నారు, మున్సిపల్ కమిషనరుంటారు, పనులు ఆగడంలేదు కదా అని. 2022 జులైలో గోదావరి వచ్చినప్పుడు సంగతి చెప్తాను. మా పక్కవీధిలో నీళ్ళు మొదటి మెట్టు మీదికి వచ్చినప్పుడు జనం గబగబా సామాన్లు అటకెక్కిస్తున్నారు. రెండో మెట్టుకొచ్చాక ఒకావిడ గట్టిగా అరిచింది: “మంచం మీదున్న ముసలమ్మని ఎవరైనా తీశారా?” ఏ ముసలమ్మ, ఏ ఇల్లు అన్నది బయటి నుంచి వచ్చిన ఏ ఉద్యోగికీ తెలిసే వీల్లేదు, అది వాళ్ళ తప్పూ కాదు. ఇద్దరు కుర్రాళ్ళు మొలలోతు నీళ్ళలో వెళ్ళి, ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకొచ్చారు. ఓట్ల కోసం మూడుసార్లు గడప తొక్కిన మనిషికి ఆ మంచం ఏ గదిలో ఉందో తెలుస్తుంది. నేనడిగే కౌన్సిలరు ఆ మాత్రం మనిషే.

అసెంబ్లీలో ఎన్నికయ్యే 30 మందిలో యానానికి ఒక్కరు. పార్టీ ఏదైనా, ఆ ఒక్కరే మాకు అన్నీ. చావుకీ ఆయనే, శుభకార్యానికీ ఆయనే, కాలవ పూడికకీ ఆయనే. అదే వంతెన దాటి ఆంధ్రాలోని ఎదుర్లంక వెళ్తే, అక్కడి వాళ్ళు 2021 ఫిబ్రవరిలో సర్పంచినీ వార్డు మెంబర్లనీ ఎన్నుకున్నారు. మా చుట్టాలే వాళ్ళు. “మీకు మందు చౌక, పెట్రోలు చౌక, ఇంకేం కావాలెహే” అని వేళాకోళమాడతారు. నవ్వేసి ఊరుకుంటాను. చౌకగా దొరికేవన్నీ ఉన్నాయి, ఓటొక్కటే దొరకట్లేదని పైకి అనను.

రాజ్యాంగం సంగతి మీకు నేను చెప్పేదేముంది? 243-యు అధికరణం ప్రకారం పురపాలక సంఘానికి అయిదేళ్ళే గడువు, అది తీరేలోపే కొత్త ఎన్నిక పూర్తవ్వాలి. కేంద్రపాలిత ప్రాంతాలకూ అది వర్తిస్తుంది. వెనుకబడిన తరగతుల వాటా తేలకుండా ఎన్నిక వద్దన్న వాళ్ళ మాటలో న్యాయం లేదని కూడా అనను. నేనూ ఆ తరగతివాణ్ణే. కానీ లెక్కలు తియ్యడానికి ఇన్నేళ్ళా? ఎన్నికే లేనప్పుడు నా వాటా దేంట్లోంచి ఇస్తారు?

పులస కాలంలో ఒకసారి మా రేవుకి రండి. చేప గట్టుకి రాగానే వేలంపాట మొదలవుతుంది. ఎవరెంతన్నారో, ఎవరెందుకు వెనక్కి తగ్గారో చుట్టూ మూగినవాళ్ళందరికీ తెలుస్తుంది. చేప కొనలేని నాలాంటివాడు కూడా “అంత పెట్టొద్దెహే” అని ఓ మాట విసరొచ్చు. మున్సిపాలిటీ ఖర్చు గురించి కూడా అలా పదిమందిలో ఓ మాట విసిరే చోటు కావాలి. కౌన్సిల్ మీటింగంటే నాకు తెలిసిన అర్థం అదీ.

తేదీ ఒకటి ప్రకటించండి, వాయిదా వేయకండి. ఒక్క మనవి మాత్రం: జులై, ఆగస్టుల్లో పెట్టకండి. గోదావరి ఎర్రనీరొస్తే సగం ఊరు వరద చూసుకుంటుంది, మిగతా సగం పులస చూసుకుంటుంది. బూతులు ఖాళీగా కనబడితే, చూశారా జనానికే అక్కర్లేదని మీ వాళ్ళు రాసుకుంటారు.

ఇట్లు,
ఫరంపేట నుంచి,
ఒక్కసారే ఓటేసిన మీ ఓటరు